వంట చదువు కాదండీ!

రాచర్ల నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: “మా అమ్మాయి ఇంటర్ బై.పి.సి. ప్యాసయింది. మెడిసిన్‌లో సీటు రాలేదు. న్యూట్రిషన్ చదువుతానని పట్టుబట్టింది. ‘వంట నేర్చుకోవడానికి గుంటూరు దాకా పంపాలా? వాళ్ళమ్మ నేర్పదా?’ అని బంధువులు నవ్వుతున్నారు. ఈ చదువు వల్ల నలుగురికీ ఉపయోగం ఉంటుందా డాక్టరుగారూ? ఇంకొక సంగతి. మా అమ్మకు అరవై దాటాయి. మెడ తిప్పలేదు, నడుం వంచలేదు. వాతమని సూదులు వేయిస్తున్నాం. గుణం కనిపించలేదు.”

రెండు ప్రశ్నలు వేశానని మీరనుకున్నారు. నాకు మాత్రం రెండూ ఒకే ప్రశ్నలా కనిపించాయి. ముందు అమ్మగారి సంగతి చూద్దాం. ఆమెను పరీక్ష చేయకుండా జబ్బు పేరు చెప్పడం తప్పు. అయితే మీ ప్రాంతం మనిషి మెడ తిరగడం లేదని చెబితే, వాతమని తేల్చేముందు అడగవలసిన మాట ఒకటుంది. ఆమె ఇన్నేళ్ళూ ఏ నీరు తాగారు?

మీ తూర్పున ఉన్న పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాలు ఒకప్పుడు నెల్లూరు జిల్లాలోవి. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అవి అటు నుంచి, మీ గిద్దలూరు, మార్కాపురం కర్నూలు నుంచి వచ్చి కలిశాయి. ఆ పాత నెల్లూరు జిల్లా పల్లెల్లో వెన్నెముక కర్రలా బిగిసిపోయిన మనుషులను చూసి, అది నీటిలోని ఫ్లోరైడ్ వల్ల వచ్చిన జబ్బని డాక్టర్ షార్ట్, ఆయన సహచరులు 1937లో ప్రకటించారు. ఫ్లోరోసిస్ మన దేశంలో ఉన్నదని వైద్యలోకానికి తెలిసింది అప్పుడే.

నీటి జబ్బు కదా, తిండి చదువుకు ఇందులో పనేమిటంటారా? అక్కడికే వస్తున్నాను.

ఆ తర్వాత చాలాకాలానికి మరో వింత కనబడింది. ఫ్లోరైడ్ ఊళ్ళలో పెద్దవాళ్ళ నడుములు బిగియడం పాత కథ. ఇప్పుడు పదేళ్ళు దాటిన పిల్లల మోకాళ్ళు లోపలికి వంగి, ఒకదానికొకటి రాసుకుంటున్నాయి. హైదరాబాదు జాతీయ పోషకాహార సంస్థకు చెందిన డాక్టర్ కృష్ణమాచారి, డాక్టర్ కృష్ణస్వామి ఈ సంగతిని 1973లో ‘లాన్సెట్’ పత్రికలో రాశారు. వారు నీటితో ఆగలేదు, కంచంలోకి కూడా చూశారు. వంకర కాళ్ళ పిల్లలు ఎక్కువగా జొన్నలు తినే పేద ఇళ్ళవాళ్ళు. జొన్న తిండి మీద ఉన్నవారి ఒంట్లో, అన్నం తినేవారి కంటే ఫ్లోరైడ్ ఎక్కువగా నిలిచిపోతున్నదని అదే సంస్థవారు 1977లో చూపారు.

ఇది చదివి జొన్న సంగటి మానేయకండి! మంచి నీరున్న చోట జొన్న మంచి తిండే. కాల్షియం చాలని తిండికి చెడ్డ నీరు తోడైనప్పుడే ఎముకకు ముప్పు. వంద గ్రాముల బియ్యంలో కాల్షియం పది మిల్లీగ్రాములకు మించదు. జొన్నల్లో పాతిక, ముప్ఫై. రాగుల్లో మూడువందల యాభై దాకా ఉంటుంది. ఈ అంకెలు ఆకాశం నుంచి ఊడిపడలేదు. మీ అమ్మాయి చదవాలనుకుంటున్న చదువు చదివినవారే లేబరేటరీలో కూర్చుని ఒక్కొక్క గింజనూ పరీక్షించి తేల్చారు. 2017లో ఆ సంస్థ ప్రచురించిన పట్టికల్లో 528 ఆహార పదార్థాల లెక్కలున్నాయి.

ఈ చదువులో జీవరసాయన శాస్త్రం ఉంటుంది, శరీరధర్మ శాస్త్రం ఉంటుంది, గణాంకాలు ఉంటాయి. పల్లెల్లో తిరగడం అన్నిటికంటే కష్టం. తెల్లవారుతూనే ఒక ఇంటికి వెళ్ళి, పొయ్యి మీద పెట్టకముందే బియ్యం, పప్పు తూచి, ఆనక ఎవరి కంచంలో ఎంత పడిందో రాసుకోవాలి. అత్తగారి ఎదుట కోడలి కంచం తూచి చూడండి, ఎంత నేర్పు కావాలో తెలుస్తుంది! నా దగ్గరకు రోగి వస్తే నేను ఒక్క మోకాలిని చూస్తాను. ఆ మోకాలు వంగడానికి ఊరంతా ఏమి తిన్నదో, ఏమి తాగిందో లెక్కగట్టేది వాళ్ళు. వంగిపోయిన ఎముకను తిన్నగా చేసే సూదిమందు నా పెట్టెలో లేదు.

గుంటూరులో ఆచార్య రంగా వ్యవసాయ విశ్వవిద్యాలయం వారి కమ్యూనిటీ సైన్స్ కళాశాల ఉంది. పూర్వం దీన్నే హోమ్‌సైన్స్ అనేవారు, బంధువుల నవ్వుకు ఆ పేరే కారణమేమో! తిరుపతి వెంకటేశ్వర విశ్వవిద్యాలయంలోనూ ఆ శాఖ ఉంది. డిగ్రీ అయ్యాక ప్రవేశపరీక్ష రాసి జాతీయ పోషకాహార సంస్థలోనే ఎమ్మెస్సీ చేయవచ్చు. 1918లో కూనూరులో బెరిబెరి మీద పరిశోధనకు చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది. ఉద్యోగాల మాటకు వస్తే ఆస్పత్రుల్లో డైటీషియన్లు, అంగన్‌వాడీల మీద సూపర్‌వైజర్లు కావాలి. డాక్టరంత జీతం మొదట్లోనే వస్తుందని మాత్రం ఆశ పెట్టను.

ఇక ఇంట్లో చేయవలసినవి. లీటరు తాగేనీటిలో ఫ్లోరైడ్ ఒక మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే నీరు లేనప్పుడు ఒకటిన్నర దాకా ఒప్పుకుంటారు. కాచితే ఫ్లోరైడ్ పోదు. నీరు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కనవుతుంది. తాగడానికే కాక వంటకూ మంచి నీరే వాడండి. మజ్జిగ, రాగి సంగటి, నువ్వులు, మునగాకు రోజూ ఏదో ఒకటి ఉండాలి. పాలు లేని టీ తగ్గించండి. రోజుకు పది గ్రాముల చింతపండు తిన్న పిల్లల మూత్రంలో ఫ్లోరైడ్ ఎక్కువగా బయటికి పోయిందని 2002లో ప్రచురించారు. మన పులుసుకు ఇది మంచి మాటే గాని, చెడ్డ నీటికి చింతపండు విరుగుడని అనుకోవద్దు.

అమ్మగారికి మెడ, నడుము, ముంజేయి ఎక్స్‌రేలు తీయించి ఎముకల డాక్టరుకు చూపండి. మీ బోరు నీటిని గ్రామీణ నీటి సరఫరా శాఖవారి లేబరేటరీకి పంపండి. నీరు పట్టేది ప్లాస్టిక్ సీసాలోనే సుమా, గాజు సీసా ఈ పరీక్షకు పనికిరాదు. ఎందుకని అమ్మాయిని అడగండి. ఇప్పుడు చెప్పలేకపోతే మొదటి సంవత్సరం సెలవులకు వచ్చినప్పుడు చెబుతుంది.