ఒలేతాలో బాధితులం, ఇక్కడ?

2017 ఫిబ్రవరిలో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రపు ఒలేతాలో, మా దేశం విడిచిపొమ్మని అరుస్తూ ఒక తెల్లవాడు తెలుగు ఇంజనీరును కాల్చి చంపితే, దాన్ని జాత్యహంకారం అనడానికి మనకు ఏ నిర్వచనమూ అక్కర్లేకపోయింది. మరుసటి ఏడాది మిర్యాలగూడలో, పై కులం అమ్మాయిని పెళ్లి చేసుకున్నందుకు దళిత యువకుణ్ణి ఆసుపత్రి బయటే నరికించినప్పుడు మాత్రం అది కులమనీ, జాతి వేరనీ గుర్తొచ్చింది. జాత్యహంకారంపై 2001లో జరిగిన డర్బన్ సదస్సులో మన ప్రభుత్వం వాదించిందీ ఇదే. చిత్రమేమిటంటే, జాతివివక్షపై 1965 నాటి ఐక్యరాజ్యసమితి ఒడంబడికలో రంగు, జాతుల సరసన వంశాన్ని చేర్చాలని కోరింది భారతదేశమే. ఆ వంశం అన్న మాటలోకి కులమూ వస్తుందని 2002లో సమితి కమిటీ తేల్చింది. ఇక, అధికారం లేనివాడు జాత్యహంకారి కాలేడనే వాదనను నేను సగమే ఒప్పుకుంటాను. బలం లేని ద్వేషం నోటిదూలగా ఆగిపోతుంది, బలముంటే అద్దె గది నుంచి ప్రాణం దాకా వెళ్తుంది, నిజమే. కానీ ఆ బలం చోటును బట్టి చేతులు మారుతుంది. కాన్సస్‌లో బిక్కుబిక్కుమంటూ తిరిగే మనిషే ఇక్కడ తెలంగాణలోని చౌటుప్పల్‌లో ఇంటి ఓనరు కావచ్చు. ఫార్మా కంపెనీలో పనికొచ్చిన ఒడియా, బిహారీ కూలీకి గది ఇవ్వాలో వద్దో, ఊళ్లో దొంగతనమైతే ముందు ఎవరిని అనుమానించాలో తేల్చేది అప్పుడు ఆయనే. కులానికి 1989 అట్రాసిటీ చట్టం ఉంది కదా, ఈ పోలిక ఎందుకంటారు కొందరు. ఆ చట్టం సరిహద్దు దాటదు, కులం మాత్రం వీసాతో పాటే దాటుతుంది. సియాటిల్ నగరం 2023లో కులవివక్షను విడిగా నిషేధించాల్సి వచ్చింది అందుకే.