పశువుల డాక్టరు అడిగితే కోపమెందుకు?

కుక్క కాలు విరిగితే డాక్టరు ట్రమడాల్ ఇవ్వవచ్చు. అది నల్లమందు చేసే పనే చేస్తుంది, మనుషులకూ అలవాటవుతుంది. అమెరికాలో ఇలాంటి మందులతో చాలా ప్రాణాలు పోయాయి. అందుకని 2023 జూన్ నుంచి అక్కడ వీటిని రాసే డాక్టర్లు ఒకసారి 8 గంటల శిక్షణ తీసుకోవాలి. పశువైద్యులకు మాత్రం మినహాయింపు! కొన్ని రాష్ట్రాలు వాళ్ళకూ సొంతంగా పాఠం పెట్టాయి. నాకు అదే సబబుగా ఉంది. మాత్రల కోసం పెంపుడు కుక్కనే కోసినవాళ్ళు ఆ దేశంలో ఉన్నారు మరి.

మన నాటాల్ పశువైద్యులకు ఈ జాగ్రత్త పాతదే. 1960లలో ఉంఫొలోజిలో తెల్ల ఖడ్గమృగాలను మత్తులో పడేసి పట్టిన ఎం-99 మందు మార్ఫిన్ కంటే వెయ్యి రెట్లకు పైగా బలమైనది. చుక్క ఒంట్లోకి పోతే మనిషి బతకడం కష్టం. విరుగుడు మందు, దాన్ని ఎక్కించగల మనిషి పక్కన లేకుండా ఆ సీసా తెరవకూడదు.

మీ డాక్టరు "పోయినసారి ఇచ్చిన మాత్రలు ఏమయ్యాయి?" అంటే చిన్నబుచ్చుకోకండి. మిగిలినవి ఏం చేయాలో ఆయన్నే అడగండి. మీ నడుము నొప్పికి మాత్రం వేసుకోకండి.