ఆ ‘టక్’ ఎక్కణ్నుంచి?

పాత కారున్న ప్రతి ఇంట్లోనూ శబ్దాలకు ఒకటే వైద్యం: పాటల సౌండ్ పెంచడం. మా నాన్నగారి పాలసీ కూడా అదే. మాది 2004 మోడల్ మారుతీ 800. ఆ బండి మొదటిసారి రోడ్డెక్కింది 1983 డిసెంబరులో, తయారీ ఆగిపోయింది 2014 జనవరిలో. అంటే ఇప్పుడు తిరుగుతున్న ప్రతి 800కీ పదేళ్లు దాటిపోయినట్టే. ఏ శబ్దమూ రాకపోతేనే అనుమానపడాలి.

కానీ రెండు నెలల కిందట గుడివాడ నుంచి బందరు వస్తుంటే మొదలైన ‘టక్’ వేరే రకం. గతుకు తగిలితే చాలు, ముందువైపు ఎక్కడో ఇనుము మీద ఇనుము కొట్టినట్టు. అమ్మని నాగాయలంకలో అమ్మమ్మ దగ్గరికి తీసుకెళ్లేది ఈ బండిలోనే. మన డెల్టా రోడ్లు తెలుసుగా, చాలాచోట్ల ఒక పక్క కాలువ, ఇంకో పక్క చేను, మధ్యలో అడ్డుగోడ కూడా ఉండదు. ‘అదుపు తప్పి కాలువలోకి దూసుకెళ్లిన కారు’ అన్న హెడ్డింగ్ మనకి కొత్తా?

ఒక షెడ్డులో బండి ఆపీ ఆపకముందే “షాకులు పోయాయండీ, రెండూ మార్చేద్దాం” అన్నారు. ఇంకోచోట నాలుగు పార్టుల లిస్టు రాసి చేతిలో పెట్టారు. పార్టులు మార్చుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు శబ్దం ఆగుతుంది, నిజమే. ఈలోపు జేబు కూడా ఖాళీ అవుతుంది. రెండుచోట్లా ఎవరూ అడగనిది ఒక్కటే: శబ్దం ‘ఎప్పుడు’ వస్తోంది?

‘ఎక్కడ’ అన్నది తర్వాత. ఎందుకంటే కార్లో మన చెవి మనల్నే మోసం చేస్తుంది. గాల్లో శబ్దం సెకనుకు 340 మీటర్లు పోతే, ఇనుములో దాదాపు 5 కిలోమీటర్లు పోతుంది. చక్రం దగ్గర పుట్టింది బాడీ రేకుల్లో పరుగెత్తి డాష్‌బోర్డు దగ్గర వినపడుతుంది. కార్ల కంపెనీలు ఈ గోల మీద పనిచేయడానికే ప్రత్యేకంగా ఇంజినీర్లని పెట్టుకుంటాయి. నాకున్నది మా బావమరిది, రెండు ఫోన్లు.

ముందు డిక్కీ ఖాళీ చేశాం. స్టెప్నీ, జాకీ, పానాలు, ఎప్పటిదో కొబ్బరికాయ ఒకటి, అన్నీ ఇంట్లో పెట్టాం. శబ్దం తగ్గలేదు. తర్వాత బండి నిలబెట్టి, న్యూట్రల్‌లో ఇంజిన్ రేజ్ చేశాం. చప్పుడు లేదు. అంటే ఇంజిన్ వైపు అనుమానం తగ్గింది.

ఇక చక్రం లెక్క. మా 12 అంగుళాల చక్రం ఒక చుట్టు తిరిగితే బండి 1.6 మీటర్లు కదులుతుంది. 40 స్పీడులో సెకనుకు సుమారు 7 చుట్లు. చక్రంతో పాటు తిరిగేదేదైనా కొట్టుకుంటుంటే ‘టకటకటక’మని ఆగకుండా రావాలి. మాది గతుక్కి ఒక్కటే ‘టక్’. బేరింగ్ పోతే స్పీడుతో పాటు పెరిగే హోరు వస్తుంది, యాక్సిల్ జాయింట్ పోతే స్టీరింగ్ పూర్తిగా తిప్పి కదిలినప్పుడు కటకటలాడుతుంది. ఆ రెండూ లేవు. మిగిలింది సస్పెన్షన్.

ఎడమా? కుడా? కాళ్ల దగ్గర చెరో పక్క ఒక ఫోను పెట్టి రికార్డింగ్ ఆన్ చేశాం. (ఫోన్ల సంగతి పక్కవాళ్లు చూడాలి, డ్రైవరు కాదు!) ఎడమ ఫోనులో కాస్త గట్టిగా వినపడింది కానీ నాకు నమ్మకం కుదరలేదు. ఆదివారం పొద్దున్నే, ట్రాఫిక్ లేనప్పుడు, అవనిగడ్డ దాటి పులిగడ్డ వారధి ఎక్కాం. కృష్ణ మీదుగా పెనుమూడి వెళ్లే ఆ వంతెనకి పక్కనే పిట్టగోడ. ఎడమ అద్దం దించి నెమ్మదిగా పోతుంటే, జాయింట్ దగ్గర గతుకు తగిలినప్పుడల్లా చప్పుడు గోడకి కొట్టుకుని తిరిగొచ్చింది.

“బావా, ఇటుపక్కే!” అన్నాడు వాడు, మా చెల్లి పెళ్లికి కూడా అంత ఆనందపడలేదు.

ఇంటికొచ్చి ఎడమ ముందు మూల బానెట్ నొక్కి వదిలాను. ఒక్కసారి లేచి ఆగిపోయింది. షాకు బాగుందని ఇది పూర్తి గ్యారంటీ కాదు గానీ, పోయిన షాకైతే ఊగుతుంది. తర్వాత సమంగా ఉన్న నేల మీద హ్యాండ్‌బ్రేక్ వేసి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డుపెట్టి, ముందు చక్రం జాకీతో లేపాం. (జాకీ మీదున్న బండి కిందకి దూరకూడదు. ఎవరు దూరమన్నా సరే.) చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపితే సన్నగా లూజు, అదే ‘టక్’! బావమరిది బ్రేకు తొక్కి పట్టుకున్నా పోలేదు, కాబట్టి బేరింగ్ కాదు. టార్చి వేసి చూస్తే లోయర్ ఆర్మ్ చివర బాల్ జాయింట్ రబ్బరు చిరిగి ఉంది.

అది మన తుంటి కీలు లాంటిది: గుంటలో గుండు, మధ్యలో గ్రీజు. రబ్బరు చిరిగితే గ్రీజు పోయి నీళ్లు, బురద చేరతాయి. బందరు ఉప్పుగాలి, చేపల లారీల నుంచి రోడ్డు మీద కారే నీళ్లు ఆ ఇనుముని ఇంకాస్త తొందరగా తింటాయి. అరిగి అరిగి ఏదో ఒకరోజు గుండు గుంటలోంచి ఊడితే చక్రం పక్కకి పడిపోతుంది, స్టీరింగ్ చేతిలో ఉన్నా లేనట్టే. ఇదే కాలువ గట్టు మీద జరిగితే? ఇంక బండి నడపలేదు. వీధి చివరి మేస్త్రీనే ఇంటికి పిలిపించాను.

ఆయన ఒకసారి ఊపి చూసి, “షాకులు మార్చుంటే ఇది ఇలాగే ఉండేదండీ” అన్నారు. ఎడమ లోయర్ ఆర్మ్ మార్చి, కుడిది కూడా చూసి, అలైన్‌మెంట్ చేయించమని పంపారు. పాత జాయింట్‌ని నా చేతిలో పెడితే వేలితో అటూఇటూ తిప్పాను. గోలీలా ఆడుతోంది.

ఇప్పుడు ‘టక్’ లేదు. డాష్‌బోర్డు వెనక సన్నగా ‘కీచ్’ మాత్రం మిగిలింది. అమ్మ ముందు సీట్లో కూర్చున్నప్పుడే వస్తోంది. బావమరిది ఫోన్లు ఛార్జింగ్ పెట్టాడు.