తారీఖు ఉంచాలా... తీసేయాలా?

రాత్రి పదకొండు దాటింది. కిటికీలోంచి గుప్పున ఘాటు వాసన. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు ఇది కొత్తేం కాదు. తలుపులు బిగించుకుని పడుకుంటారు. తెల్లారి ఫిర్యాదు చేద్దామంటే వాసన ఉండదు. 'ఎప్పుడొచ్చింది, ఎంతసేపుంది?' అని అధికారి అడిగితే నీళ్లు నమలాల్సిందే!

ఇక్కడి ఫ్యాక్టరీల కాలుష్యంపై కేసు 1990లోనే సుప్రీంకోర్టుకెక్కింది. అలాంటి పెద్ద వ్యాజ్యమైనా ఇంట్లో రాసుకునే నాలుగు వాక్యాలైనా, తేదీ లేకపోతే బలం సగమే. అందుకే చాలామంది కంప్యూటర్లో ఏ రోజుకారోజు రాసి పెట్టుకుంటారు. అలా రాసుకోవడానికి 'ఆర్గ్ మోడ్' చక్కగా పనికొస్తుంది. కార్‌స్టెన్ డొమినిక్ అనే ఖగోళ శాస్త్రవేత్త 2003లో దీన్ని తయారుచేశారు. ఈమ్యాక్స్ అనే ఉచిత ఎడిటర్‌తోనే వస్తుంది. ఫైలు మాత్రం మామూలు టెక్స్టే. నోట్‌ప్యాడ్‌లోనూ తెరుచుకుంటుంది.

ఇందులో తేదీలు రెండు రకాలు. < > గుర్తుల మధ్య ఉండేవి రాబోయే పనులకు. అవి ఎజెండాలో కనిపించి గుర్తుచేస్తాయి. [ ] మధ్య ఉండేవి జరిగిపోయినవాటికి. వాసన వచ్చిన రాత్రికి రెండోదే సరి.

ఇంతవరకూ బాగానే ఉంది. తిరకాసంతా ఆ నోట్సును పీడీఎఫ్‌గానో వెబ్ పేజీగానో మార్చి ఇంకొకరికి ఇచ్చేటప్పుడే. మీరేమీ చెప్పకపోతే తేదీలన్నీ వెళ్తాయి. ఫైలు పైన ఆప్షన్స్ వరుసలో <: అని పెట్టి పక్కన 'నిల్' అని రాస్తే తేదీలు ఆగిపోతాయి. 'యాక్టివ్' అంటే మొదటి రకం, 'ఇన్‌యాక్టివ్' అంటే రెండో రకం మాత్రమే వెళ్తాయి.

అయితే అన్నీ ఆగిపోతాయనుకుంటే పొరపాటే. పేరాలో తేదీ తప్ప ఇంకేమీ లేనప్పుడే ఈ మీట పనిచేస్తుంది. వాక్యం మధ్యలో ఇరుక్కున్న తేదీ ఎలా ఉన్నది అలాగే వెళ్లిపోతుంది. దీంతో చిక్కు రెండువైపులా ఉంది. కాలుష్యం నోట్సులో ప్రతి సంఘటన పైనా విడిగా తేదీ వేశారనుకోండి... 'నిల్' పెడితే అసలు సాక్ష్యమే మాయం. అదే ఫైల్లో 'నైట్ షిఫ్టు నుంచి ఫలానా రోజు ఇంటికొచ్చేసరికి' అని వాక్యంలో రాశారనుకోండి... దాచాలనుకున్న డ్యూటీ వివరం పక్కవాళ్లకు చేరిపోతుంది. మరి ఇదేం వింత? వాక్యంలోంచి తేదీ పీకేస్తే అర్థం చెడుతుంది కదా!

చేయాల్సిన పనికి పెట్టిన గడువు, దానిమీద గడిపిన సమయం లెక్కలకు వేరే మీటలున్నాయి. అవి మామూలుగా బయటకు వెళ్లవు.

ఇంకో మాట. ఈ తేదీని ఎవరైనా చెరిపి మార్చేయొచ్చు. ఈ బెల్టులో మందుల ఫ్యాక్టరీలు బోలెడు. అమెరికాకు మందులు పంపేవారి ఎలక్ట్రానిక్ రికార్డులకు అక్కడి ఎఫ్‌డీఏ 1997లోనే నిబంధన పెట్టింది. మార్పు ఎవరు, ఎప్పుడు చేశారో సమయంతో సహా నమోదు కావాలి, పాత వివరం చెరిగిపోకూడదు. ఇంటి నోట్సుకు అంత కాపలా ఉండదు. కాబట్టి ఫిర్యాదుకు ఫోన్లో తీసిన ఫొటో కూడా జతచేయండి.

పంపేముందు తయారైన పీడీఎఫ్ తెరిచి, 'ఫైండ్'లో సంవత్సరం అంకెలు కొట్టి చూడండి. ఏ తేదీలు మిగిలాయో, ఏవి పోయాయో నిమిషంలో తేలిపోతుంది.