ఏటా కొత్త జట్టు

2024 ఏప్రిల్‌లో మార్క్ పోప్ కెంటకీ విశ్వవిద్యాలయానికి బాస్కెట్‌బాల్ కోచ్‌గా వచ్చేనాటికి అక్కడ జట్టంటూ లేదు. పదిహేను సీజన్లు కోచ్‌గా ఉన్న జాన్ కాలిపరి ఆర్కన్సాకు వెళ్లిపోయారు. కొందరు ఆటగాళ్లు ఆయన వెంటే నడిచారు. రీడ్ షెపర్డ్, రాబ్ డిల్లింగ్‌హామ్ ఎన్‌బీఏకి వెళ్లారు. మిగతావాళ్లు వేరే కాలేజీలు చూసుకున్నారు. స్కాలర్‌షిప్ మీద ఆడిన పాత కుర్రాడు ఒక్కడూ మిగల్లేదు. 1996లో జాతీయ టైటిల్ గెలిచిన కెంటకీ జట్టుకు పోప్ కెప్టెన్. ఆయనకు స్వాగతం పలకడానికి రప్ అరీనా జనంతో నిండిపోయింది. ఆ జనానికి చూపించడానికి ఆయన దగ్గర ఆటగాళ్లు లేరు.

కొద్ది వారాల్లోనే జట్టు తయారైంది. శాన్ డియేగో స్టేట్ నుంచి లమాంట్ బట్లర్, ఓక్లహోమా నుంచి ఒటేగా ఓవే, వేక్ ఫారెస్ట్ నుంచి ఆండ్రూ కార్, డ్రెక్సెల్ నుంచి ఏడడుగుల ఆమరి విలియమ్స్, డేటన్ నుంచి మూడు పాయింట్ల షాట్లలో దేశంలోనే మేటి గురికాడు కోబీ బ్రే వచ్చారు. దాదాపు అందరూ ఒకరికొకరు కొత్తవాళ్లే. ఆ జట్టు 24 మ్యాచ్‌లు గెలిచి, 12 ఓడి, జాతీయ టోర్నీలో చివరి పదహారు జట్లలో నిలిచింది. అక్కడ టెనెసీ చేతిలో 78-65తో ఓడింది. 2019 తర్వాత కెంటకీ అంతదూరం వెళ్లడం అదే మొదటిసారి. వేసవిలో కూర్చిన జట్టుకు ఇది చిన్న ఫలితం కాదు.

దీనికి వీలు కల్పించింది ట్రాన్స్‌ఫర్ పోర్టల్. కాలేజీ మారాలనుకున్న ఆటగాడు తన పేరు అందులో నమోదు చేసుకుంటే మిగతా కోచ్‌లందరూ అతనితో మాట్లాడవచ్చు. 2018లో అది మొదలైనప్పుడు, కాలేజీ మారిన బాస్కెట్‌బాల్ ఆటగాడు సాధారణంగా ఒక ఏడాది ఆడకుండా కూర్చోవాల్సి వచ్చేది. 2021లో ఒకసారికి మినహాయింపు ఇచ్చారు. 2024కల్లా, చదువులో అర్హత నిలబెట్టుకుంటే ఎన్నిసార్లైనా మారే వెసులుబాటు వచ్చింది. ఈలోగా డబ్బు కూడా వచ్చింది. 2021 జూలై నుంచి ఆటగాళ్లు తమ పేరు, బొమ్మ వాడుకోనిచ్చి సంపాదించుకోవచ్చు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో కాలేజీలే నేరుగా చెల్లించడం మొదలైంది. అన్ని క్రీడలకూ కలిపి తొలి ఏడాది ఒక్కో కాలేజీకి పరిమితి సుమారు 2 కోట్ల 5 లక్షల డాలర్లు.

ఈ మార్పును తప్పుపట్టేవాళ్లు ముందు కాలిపరి సంగతికి జవాబు చెప్పాలి. ఆయన కెంటకీ వదిలి, ఆ మరుసటి సీజన్లోనే ఆర్కన్సా బెంచి మీద కూర్చున్నారు. ఆయన్ని ఏడాది ఆగమని ఎవరూ అనలేదు. ఆయన మాట నమ్మి కెంటకీలో చేరిన పద్దెనిమిదేళ్ల కుర్రాడిని మాత్రం కదలొద్దనడం ఏం న్యాయం? వేల సీట్ల అరీనాలు నింపి, టీవీ హక్కుల డబ్బు తెచ్చిపెట్టిన పిల్లలకు దశాబ్దాల పాటు ట్యూషన్, భోజనం, వసతి ఇచ్చి సరిపెట్టారు. ఆ తప్పును దిద్దే ప్రయత్నమే ఇప్పుడు జరుగుతోంది. చిన్న కాలేజీలో మొదలైన కుర్రాడికి పెద్ద వేదిక కూడా దొరుకుతోంది. వాల్టర్ క్లేటన్ అయోనాలో ఆడేవాడు. అక్కడి కోచ్ వెళ్లిపోయాక ఫ్లోరిడాకు మారాడు. 2025లో హ్యూస్టన్‌పై 65-63తో ఫ్లోరిడా జాతీయ టైటిల్ గెలిచినప్పుడు ఫైనల్ ఫోర్ అత్యుత్తమ ఆటగాడు అతనే.

అయితే అవతలి పక్షం చెప్పేదాన్ని పాతకాలపు మమకారమని తోసిపుచ్చలేను. 2018లో వర్జీనియా టోర్నీలో అందరికంటే పైనున్న జట్టు. తొలి రౌండ్లోనే, అట్టడుగున పదహారో సీడ్‌గా ఉన్న యూఎంబీసీ చేతిలో ఇరవై పాయింట్ల తేడాతో ఓడింది. పురుషుల టోర్నీ చరిత్రలో ఒకటో సీడ్‌కు అలాంటి ఓటమి అదే మొదటిది. కైల్ గై, టై జెరోమ్, డియాండ్రే హంటర్ ఆ అవమానాన్ని మోసుకుంటూ అదే కాలేజీలో ఉండిపోయారు. మరుసటి ఏడాది టైటిల్ గెలిచారు. పర్డ్యూ కథా ఇంచుమించు అదే. 2023లో మరో పదహారో సీడ్ చేతిలో ఓడిన జట్టులో ముఖ్యులంతా తిరిగొచ్చారు. హైస్కూల్ రోజుల్లో పెద్దగా ఎవరూ పట్టించుకోని జాక్ ఈడీ నాలుగో ఏడాదీ అక్కడే ఆడి జట్టును 2024 ఫైనల్‌కు తీసుకెళ్లాడు. ఓడిన జట్టు అలాగే నిలబడి, ఎక్కడ తప్పిందో కలిసి తేల్చుకోవడం కాలేజీ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన విషయం. ఇవాళ అలా ఓడిన జట్టు ఆటగాళ్లకు ఎందరు ఫోన్లు చేస్తారో ఊహించవచ్చు. ఆ వర్జీనియా జట్టును తీర్చిదిద్దిన టోనీ బెనెట్, ఈ కొత్త వాతావరణానికి తాను తగిన మనిషిని కానని చెప్పి, 2024 అక్టోబరులో, సీజన్ ముంగిట తప్పుకున్నారు.

నష్టం ఎక్కువగా పడేది చిన్న కాలేజీల మీద. 2022లో సెయింట్ పీటర్స్ ముందు కెంటకీని, ఆ తర్వాత పర్డ్యూని ఓడించి చివరి ఎనిమిదిలోకి వచ్చింది. ఆ వేసవిలోనే కోచ్ సీటన్ హాల్‌కు వెళ్లారు, ముఖ్యమైన ఆటగాళ్లు తలోదిక్కూ వెళ్లారు. 2025లో చివరి పదహారు జట్లన్నీ నాలుగు పెద్ద కాన్ఫరెన్సులవే, అంటే పెద్ద కాలేజీల లీగులవే. ఒక్క ఏడాది చూసి తీర్పు చెప్పడం తొందరపాటే అయినా, భయపడడానికి కారణం ఉంది. హైస్కూల్ పిల్లల సంగతీ ఇంతే. కూపర్ ఫ్లాగ్ లాంటి అసాధారణ ప్రతిభావంతుడికి ఎప్పుడూ చోటుంటుంది. అంతకు కాస్త దిగువనున్న కుర్రాడిని రెండేళ్లు తీర్చిదిద్దే ఓపిక, ఇరవై రెండేళ్ల రాటుదేలిన ఆటగాడు పోర్టల్లో దొరుకుతున్నప్పుడు కోచ్‌కి ఎందుకుంటుంది? కెంటకీ రాష్ట్ర హైస్కూల్ బాస్కెట్‌బాల్ చరిత్రలో అత్యధిక పాయింట్లు సాధించిన ట్రావిస్ పెర్రీ సొంత రాష్ట్రపు జట్టులో ఒక్క సీజనే ఆడి, మిసిసిపీకి మారాడు. మారడం అతని హక్కు. అతని కోసం కెంటకీ చొక్కాలు వేసుకుని వచ్చిన ఊళ్లకు మాత్రం అది చిన్న నష్టం కాదు.

ఫ్లోరిడా విజయాన్ని పోర్టల్ విజయమని చెప్పుకుంటున్నారు కానీ, దగ్గరగా చూస్తే అది సగం మాటే. బెల్మాంట్ నుంచి విల్ రిచర్డ్ 2022లో, క్లేటన్ 2023లో, ఫ్లోరిడా అట్లాంటిక్ నుంచి అలైజా మార్టిన్ 2024లో వచ్చారు. అలెక్స్ కాండన్, థామస్ హా మొదటి ఏడాది నుంచీ అక్కడే పెరిగినవాళ్లు. అంటే మూడు వేసవుల్లో కుదిరిన జట్టది. పోప్ కూడా రెండో ఏడాదికి ఓవేను నిలుపుకోగలిగారు. కొత్తవాళ్లను తేవడం, ఉన్నవాళ్లను ఉంచుకోవడం రెండూ కోచ్ పనులే.

కాబట్టి ఏడాది కూర్చోబెట్టే పాత నిబంధన తిరిగి రావాలని నేను కోరను. అది కుర్రాళ్లకు వేసిన శిక్ష. సరిదిద్దాల్సింది చిన్న కాలేజీల లెక్క. ఒప్పందం మధ్యలో కోచ్‌ను తీసుకెళితే పాత కాలేజీకి పరిహారం అందడం ఇప్పటికే ఆనవాయితీ. ఫుట్‌బాల్‌లో ఆటగాడు క్లబ్ మారితే, బదిలీ సొమ్ములో ఐదు శాతం వరకు అతన్ని చిన్నప్పుడు తీర్చిదిద్దిన క్లబ్బులకు చేరేలా ఫిఫా నియమం పెట్టింది. ఆమరి విలియమ్స్‌ను నాలుగేళ్లు ఆడించి, మేటి డిఫెండర్‌గా మలిచింది డ్రెక్సెల్. అలాంటి కాలేజీకి, కొత్త కాలేజీ ఆటగాడికిచ్చే జీతం మీద అదనంగా కొంత శాతం కట్టాలని నియమం ఉండాలి. ఆ సొమ్ము కుర్రాడి జీతంలోంచి కోస్తారన్న అనుమానం న్యాయమైనదే. అందుకే ఆ శాతం చిన్నదిగా ఉండాలి, కాలేజీల చెల్లింపులకు పెట్టిన పరిమితికి బయట ఉండాలి.