పెంకు పగిలితే బడిని కూల్చాలా?

మా పల్లెలోని పాత బడిని పడగొట్టి స్లాబు వేయాలని పెద్దలు అంటున్నారు. వానొస్తే కారుతుందట. నిజమే, కారుతుంది. నాలుగు పెంకులు పగిలాయి మరి! పెంకు పగిలితే పెంకు మార్చాలి గానీ బడినే కూలుస్తారా?

1865లో బాసెల్ మిషన్ వాళ్లు మంగళూరులో కార్ఖానా పెట్టి చేయించిన రకం పెంకులివి. గాడిలో ఒకదాన్నొకటి పట్టుకొని కూర్చుంటాయి. పగిలినదాన్ని తీసి కొత్తది పెట్టొచ్చు. స్లాబులో అట్లా కుదురుతుందా?

ఏప్రిల్లో మా స్లాబు గదిలో కూర్చోలేం. పాత గదిలో కప్పు ఎత్తు, గోడలు మందం. వేడిగాలి పెంకుల సందుల్లోంచి బయటికి పోతుంది. ముందున్న వసారా గోడమీద ఎండ పడనివ్వదు.

ఇంకో మాట. వాకిలిపైన గారతో తీర్చిన తెలుగు అక్షరాలున్నాయి. మా జేజినాయన కూడబలుక్కొని చదివింది వాటినే, నేనూ వాటినే. ఈ హోసూరు సీమలో మన అక్షరాలు కనిపించే గోడలు ఎన్ని మిగిలాయి? కొత్త గోడమీద వాటిని మళ్లీ రాయిస్తామని ఎవరైనా మాటిచ్చారా?

కొత్త గదులు వద్దనడం లేదు. వెనక ఖాళీ జాగా ఉంది, అక్కడ కట్టండి. పాత బడికి మాత్రం పెంకులు మార్చండి. పెంకులు మోయడానికి మేమంతా వస్తాం.