నమ్మిన గుర్తుకా, గెలిచే గుర్తుకా?

ఎన్నికలు వచ్చినప్పుడల్లా బొల్లారం బజారులోని టీ హోటళ్లలో ఒక తగవు తప్పక వినబడుతుంది. "మనోడు గెల్వడని తెల్సి గూడ వానికేసి ఓటు ఖరాబు చేస్కునుడెందుకే?" అంటాడొకడు. "గెల్సుడు, ఓడుడు నాకెందుకు? నేను నమ్మినోనికే ఏస్త" అంటాడు మరొకడు. టీ చల్లారుతుంది గాని తగవు తీరదు. ఇది ఒక్క బొల్లారం తగవు కాదు. ఊరూరా రచ్చబండల మీద, ఒకే ఇంట్లో తండ్రీకొడుకుల మధ్య కూడా ఉన్నదే. నమ్మిన పార్టీకి ఓటు వేయాలా, లేక ససేమిరా వద్దనుకున్న వారిని ఓడించగలిగే వారికి వేయాలా? దీనికి జవాబు వెదకడానికి దూరం పోనక్కరలేదు. బొల్లారం బజారు చేరిన సికింద్రాబాద్ కంటోన్మెంటు నియోజకవర్గంలోనే ఆరు నెలల తేడాతో జరిగిన రెండు ఎన్నికలు చాలు.

2023 నవంబరు 30న జరిగిన శాసనసభ ఎన్నికలలో ఇక్కడ బి.ఆర్.ఎస్. అభ్యర్థిని లాస్య నందిత గెలుపొందారు. ఆమెకు 59 వేల పైచిలుకు ఓట్లు వచ్చాయి. రెండవ స్థానంలో నిలిచిన బి.జె.పి. అభ్యర్థి శ్రీగణేష్‌కు 42 వేలకు కొంచెం తక్కువ, మూడవ స్థానంలో నిలిచిన కాంగ్రెస్ అభ్యర్థిని వెన్నెలకు 21 వేలకు కొంచెం తక్కువ వచ్చాయి. ఓడిన ఇద్దరి ఓట్లు కలిపితే 62 వేలు దాటుతాయి. అంటే గెలిచిన వారికంటే ఎక్కువే. ఫలితాలు వచ్చిన నాటి సాయంత్రం లెక్కలు కట్టేవారికి ఇదే పెద్ద ముచ్చట అయింది. "మూడో పార్టీకి వేసినోళ్లు రెండో పార్టీకి వేసుంటే కారు బోల్తా పడేది" అన్నారు.

కాని ఈ లెక్కలో ఒక లొసుగు ఉన్నది. చెయ్యి గుర్తుకు వేసిన వారందరికీ రెండవ ఇష్టం పువ్వు గుర్తేనని ఎవరు చెప్పగలరు? వారిలో కొందరికి పువ్వు కంటే కారే నయం కావచ్చు. ఓడిన వారి ఓట్లను ఒక కుప్పగా పోసి లెక్కించడం, బియ్యాన్నీ కందులనూ కలిపి తూచి ధర కట్టడం వంటిదే.

తరువాత జరిగినది మరింత ఆలోచింపజేసేది. 2024 ఫిబ్రవరిలో లాస్య నందిత రోడ్డు ప్రమాదంలో మరణించడంతో ఉపఎన్నిక వచ్చింది. అంతకు ముందు బి.జె.పి. తరఫున పోటీ చేసిన శ్రీగణేష్ కాంగ్రెస్‌లో చేరి ఆ పార్టీ అభ్యర్థిగా నిలిచారు. 2024 మే 13న పోలింగు జరిగింది. ఆయన 53 వేల పైచిలుకు ఓట్లతో గెలిచారు. బి.జె.పి.కి 40 వేల పైచిలుకు, బి.ఆర్.ఎస్.కు 34 వేల పైచిలుకు వచ్చాయి. అదే రోజున, అదే ఓటర్లు పార్లమెంటుకు కూడా ఓటు వేశారు. మల్కాజిగిరి లోక్‌సభ స్థానాన్ని బి.జె.పి. అభ్యర్థి ఈటల రాజేందర్ గెలుచుకున్నారు.

ఇందులో ఎవరినీ తప్పు పట్టడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. పాఠం మాత్రం గ్రహించాలి. డిసెంబరులో "మూడో స్థానం, దానికేస్తే ఓటు దండగ" అనిపించుకున్న గుర్తు జూన్‌లో మొదటి స్థానానికి వచ్చింది. గెలిచే గుర్తని నమ్మి ఎత్తుగడ వేసిన వారి అంచనా ఆరు నెలలు కూడా నిలవలేదు. మరోవైపు, సిద్ధాంతం చూసి పువ్వుకు వేసిన వారు తమ అభ్యర్థినే ఎదుటి పక్షంలో చూడవలసి వచ్చింది. ఇదే నియోజకవర్గంలో దివంగత శాసనసభ్యుడు సాయన్న కూడా 2014లో తెలుగుదేశం తరఫున, 2018లో టి.ఆర్.ఎస్. తరఫున గెలిచారు. కనుక "నేను నమ్మినోనికే ఏస్త" అనేవారు తాము నమ్మినది మనిషినా, గుర్తునా, ఆశయాన్నా అని ముందుగా తేల్చుకోవడం అవసరం.

అసలు ఈ చిక్కు ఎందుకు వచ్చింది? మన ఎన్నికల పద్ధతి వల్ల వచ్చింది. ఎందరు పోటీ చేసినా ఒక్క మీటే నొక్కాలి. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ వచ్చినా గెలుపే, సగం మంది మెచ్చనక్కరలేదు. మన మనసులో మొదటి ఇష్టం, రెండవ ఇష్టం, బొత్తిగా గిట్టనివారు అని తరతమాలున్నా వాటిని చెప్పుకునే వీలు యంత్రంలో లేదు.

అదే బొల్లారంలో రాష్ట్రపతి నిలయం ఉన్నది. దక్షిణాది విడిదికి రాష్ట్రపతి అక్కడికి వస్తారు. ఆ రాష్ట్రపతిని ఎన్నుకునే శాసనసభ్యులకు, పార్లమెంటు సభ్యులకు మాత్రం ఈ చిక్కు లేదు. బ్యాలెట్ కాగితం మీద 1, 2, 3 అని తమ ఇష్టం వరుసగా వేయవచ్చు. ఎవరికీ సగానికి మించి రాకపోతే, అట్టడుగున ఉన్నవారిని తొలగించి వారి ఓట్లను తరువాతి ఇష్టం ప్రకారం పంచుతారు. 1969లో వి.వి. గిరి, నీలం సంజీవరెడ్డి పోటీ పడినప్పుడు జరిగినది ఇదే. సి.డి. దేశ్‌ముఖ్ మూడవవారు. మొదటి లెక్కలో ఎవరికీ కావలసిన ఆధిక్యం రాలేదు. తరువాతి ఇష్టాలు కలిపిన మీదటనే గిరి గెలిచారు. పార్టీ అధికార అభ్యర్థి సంజీవరెడ్డి అయినా, ఆత్మప్రబోధం ప్రకారం ఓటు వేయండని ఇందిరాగాంధీ ఆనాడు పిలుపునిచ్చారు. పెద్దలకు ఆత్మప్రబోధానికీ, లెక్కకూ వేరువేరు అంకెలు ఉన్నాయి. పల్లెటూరి ఓటరు మాత్రం రెండింటినీ ఒక్క మీటలోనే సర్దుకోవాలి.

ఎత్తుగడ ఓటు వేసేవారి వాదనలో బలం లేకపోలేదు. 1978 ఆంధ్రప్రదేశ్ ఎన్నికలలో కాంగ్రెస్ (ఐ)కి 40 శాతం లోపు ఓట్లే వచ్చాయి. అయినా 294 స్థానాలలో 175 దక్కాయి. వ్యతిరేక ఓట్లు జనతా పార్టీకీ, మరో కాంగ్రెస్‌కూ చీలిపోవడం ఇందుకు ముఖ్య కారణం. ఒక అభ్యర్థి వస్తే ఊరికి కీడు తప్పదని గట్టిగా నమ్మిన మనిషి, ఓట్లు చీలకుండా చూసుకుంటే దానిని పిరికితనమనలేము. ఇల్లు అంటుకున్నప్పుడు బావి నీళ్లా, చెరువు నీళ్లా అని చూడరు.

అయితే అందరూ ఇలాగే ఆలోచిస్తే కొత్త మొలక ఎప్పటికీ లేవదు. తెలుగుదేశం పార్టీ 1982 మార్చి 29న పుట్టింది. 1983 జనవరిలో ఎన్నికలు. తొమ్మిది నెలల పసిగుడ్డు అది. "ఎన్నడూ గెలవని పార్టీ, ఓటు దండగ" అని జనం అనుకుని ఉంటే రామారావుకు 200కు పైగా స్థానాలు వచ్చి ఉండేవి కావు. 2009లో లోక్‌సత్తా రాష్ట్రమంతటా ఓడినా, మల్కాజిగిరి పార్లమెంటు పరిధిలోని కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గెలిచారు. అదే ఏడాది ప్రజారాజ్యానికి 16 శాతం పైగా ఓట్లు వచ్చినా 18 స్థానాలే దక్కాయి. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసిపోయింది. నమ్మి వేసిన ఓటు ఒకచోట పండింది, మరొకచోట ఎండింది. విత్తనం చల్లిన రైతుకు ఇది తెలియని సంగతి కాదు.

ఇక్కడ ముఖ్యంగా గమనించవలసినది ఒకటి ఉన్నది. ఎత్తుగడ వేయాలంటే మొదటి, రెండవ స్థానాలలో ఉన్నదెవరో ముందుగా తెలియాలి. ఊళ్లో ఆ సంగతి చెప్పేదెవరు? పోలింగుకు రెండు రోజుల ముందు జీపులో వచ్చి "పోటీ మాకూ వాళ్లకే, మూడోవాడు లేనే లేడు" అని చెప్పి పోయే కార్యకర్త. ఆ మాట చెప్పడం వల్ల లాభం ఆయనకే. మూడవ పక్షం వారు కూడా పక్క వాడలో అదే మాట చెబుతుంటారు. పందేలు కాసేవారి మాటను బట్టి ఓటు వేయడమంటే, అమ్మేవాని తూకం నమ్మి ధాన్యం పోసుకోవడమే.

కాబట్టి లెక్క చూసుకోవాలనుకునేవారు పుకారును గాక కాగితాన్ని చూడాలి. ప్రతి ఎన్నిక తరువాతా ఏ పోలింగు కేంద్రంలో ఎవరికెన్ని ఓట్లు వచ్చాయో ఫారం 20లో ఎన్నికల అధికారులు ప్రకటిస్తారు. చదువుకున్న పిల్లలు దానిని తీసి ఊరివారికి వినిపించవచ్చు. అది కూడా నిన్నటి లెక్కే, రేపటికి హామీ కాదన్నది కంటోన్మెంటు ఉపఎన్నిక రుజువు చేసింది. ఇక 2013లో సుప్రీంకోర్టు తీర్పుతో వచ్చిన "పైవారెవరూ కాదు" మీట అసంతృప్తిని చెబుతుంది గాని శాసనసభ ఎన్నికలో ఎవరినీ ఓడించదు. దానికి ఎన్ని ఓట్లు వచ్చినా, అభ్యర్థులలో ఎక్కువ వచ్చినవారే గెలుస్తారు.

మా అభిప్రాయంలో నమ్మకమే మొదటి దారి, ఎత్తుగడ అరుదైన దారి. గెలిచేవారిలో ఒకరి వల్ల నిజమైన కీడు ఉందని మనసుకు తోచి, పోటీ ఎవరెవరి మధ్యనో ఆధారంతో తెలిసినప్పుడే రెండవ దారి సబబు. గెలిచే జట్టులో ఉన్నామనిపించుకోవడానికో, పక్కవాడు అన్నాడనో నమ్మిన గుర్తును వదలడం సబబు కాదు. ఓడిన ఓటు కూడా లెక్కలో ఉంటుంది. రేపటి అభ్యర్థిని నిలిపేవారు, పొత్తులు కట్టేవారు మొదట చూసేది ఆ అంకెనే. సర్పంచి ఎన్నికలలో పార్టీ గుర్తులు ఉండవు గనుక, అక్కడ ఈ మీమాంస కొంత తేలిక. నిలబడ్డ మనిషి నడవడి ఊరందరికీ తెలిసినదే.

ఓటు విలువ బొల్లారం వారికి ఒకరు చెప్పనక్కరలేదు. కంటోన్మెంటు బోర్డు వార్డు సభ్యులకు 2015 జనవరిలో ఓటు వేసిన వారు ఎనిమిదేళ్లు ఎదురుచూశారు. 2023 ఏప్రిల్ 30న ఎన్నికలని ప్రకటించి, మార్చిలోనే రద్దు చేశారు. నమ్మకమా, ఎత్తుగడా అని తగవు పడడానికైనా చేతిలో ఓటు ఉండాలి కదా. ఉన్ననాడు దానిని జీపువాని మాటకు అప్పగించకుండా, తెర వెనుక నిలబడ్డ ఆ అర నిమిషం తన బుద్ధితో తానే తేల్చుకోవడం ఓటరుకు శ్రేయస్కరం.